‘తరువాత’ అన్న అక్షరం

అక్టోబరు 20, గురువారం
ఉవొజు

ఈ రోజు పనులు: పరుపు గలీబులు రెండు ఉతికి ఆరేశాను. పద్నాలుగు ముల్లంగులు కడిగి, తాడుకు గుచ్చి చూరుకు వేలాడదీశాను. మా ఆయన చలికోటుకు ఊడిన గుండీ కుట్టాను. వృద్ధుల ఆశ్రమానికి ఫోన్ చేసి, అమ్మను చూడటానికి వచ్చే వారం పదిహేను నిమిషాలు రాయించుకున్నాను. చివరి పని ఈ ఉత్తరం.

హిరోనో గారికి,

నమస్కారాలు. తతెయామా శిఖరం మీద నిన్న తొలి మంచు కనిపించింది. మీ పరిశోధనశాలలో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను కులాసా. జూన్‌లో చేసిన ఆపరేషన్ గాయం పూర్తిగా మానింది. బియ్యం బస్తా నేనే ఎత్తుకుంటున్నాను.

సోమవారం సాయంత్రం మీరు మా ఇంటి ఫోన్‌లో ఒక సందేశం వదిలారు. అప్పుడు నా చేతులు చేపల పొలుసులో ఉన్నాయి. విన్నది మా ఆయన. ఆయన వంటగది గుమ్మం దాకా వచ్చి, ఎవరో హిరోనో గారట, నీకు గతంలో మగబిడ్డ గర్భం ఏమైనా ఉండేదా అని కనుక్కుంటున్నారు అని, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకోలేదు. ఇకమీదట దయచేసి ఫోన్ చేయవద్దు. ఏదైనా ఉంటే ఉత్తరం రాయండి. కవరు అంటించి పంపండి.

ఇంకొక విషయం. ఆగస్టులో మీరు పంపిన కవరు మీద నా పేరు తప్పుగా ఉంది. త్సుగియే అన్న పేరులో మీరు ‘వారసత్వం’ అన్న అర్థం వచ్చే అక్షరం వేశారు. నాది ‘తరువాత’ అన్న అర్థం వచ్చే అక్షరం. పలుకు ఒకటే, రాత వేరు. నేను మా అమ్మానాన్నలకు మొదటి బిడ్డను, ఒక్కతే బిడ్డను. మొదటి బిడ్డకు ‘తరువాత’ ఏమిటని బడిలో అందరూ ఏడిపించేవాళ్ళు. మా నాన్న చెప్పినదాన్ని బట్టి, ఆయన వారసత్వం అక్షరమే రాసిచ్చారట, వార్డు ఆఫీసు గుమస్తా పొరబాటున తరువాత అని ఎక్కించాడట. ఆ పొరబాటే యాభై ఒక్క ఏళ్ళుగా నా పేరు. కాబట్టి దాన్నే రాయండి.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. పేరులో అక్షరం తప్పు రాసినవాళ్ళు డబ్బా మీద అంకె తప్పు రాయరని నమ్మకం ఏమిటి? నేను మీకిచ్చినవి గర్భసంచి, రెండు నాళాలు, గర్భసంచి ముఖం. నాలుగూ ఒకే రోజు ఒకే డబ్బాలో వచ్చాయని మీరే అన్నారు. ఒక్కొక్క కణాన్నీ విడదీసి, అందులో ఏ జన్యువులు పని చేస్తున్నాయో చదివి, ఆడవాళ్ళ లోపలి భాగాలకు ఒక పటం గీస్తామని చెప్పారు. కణాలన్నిటిలోనూ ఉండే పుస్తకం ఒకటే, ఏ పుట తెరిచి ఉందో చూస్తే అది ఏ కణమో తెలుస్తుందని మీరు అన్నప్పుడు నాకు నచ్చింది. అన్ని వంటిళ్ళలోనూ ఒకే వంటల పుస్తకం ఉన్నా, తెరిచి ఉన్న పుట చూసి ఆ ఇంట్లో ఏం ఉడుకుతోందో చెప్పవచ్చు. అందుకే సంతకం చేశాను. పెళ్ళయినప్పటి నుంచి రోజూ నిద్ర లేవగానే నాలుక కింద కొలిచి గీసిన ఒంటి వేడి పట్టీలు ఇరవై అయిదేళ్ళవి నకలు తీయించి ఇచ్చాను. ఆపరేషన్ నాడు నెలసరి లెక్కలో పంతొమ్మిదో రోజు అని నా పట్టీలో ఉంది. మీ కణాలు కూడా పంతొమ్మిదే అన్నాయని ఆగస్టులో రాశారు. ఆ ఉత్తరం ఇంటి లెక్కల పుస్తకంలో అంటించుకున్నాను.

మీ ప్రశ్నలకు జవాబులు. ఒకే ఒక్క గర్భం, ఆడపిల్ల, ఇప్పుడు నగోయాలో ఉద్యోగం. గర్భస్రావం లేదు. తెలియకుండా పోయి ఉంటుందేమో అంటారా, గర్భం నిలిస్తే ఒంటి వేడి దిగదు, అలా పదహారు రోజులకు మించి దిగకుండా ఉన్న నెల ఆ ఒక్క గర్భం తప్ప నా పట్టీల్లో లేదు. రక్తం ఎక్కించుకోలేదు.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఆ రోజు మీ బల్ల మీద ఇంకా ఎవరి డబ్బాలున్నాయి? అంకెలు చేత్తో రాస్తారా, యంత్రం రాస్తుందా? మగబిడ్డ మాట అసలు ఎందుకు వచ్చింది?

ఇట్లు,
మిజుహాషి త్సుగియే

తా.క. ఈ ఉత్తరం ముగించాక మా ఆయన టీ తాగుతూ, నువ్వు పెళ్ళికి ముందు ఒసాకాలో పనిచేసింది రెండేళ్ళా మూడేళ్ళా అని అడిగారు. రెండేళ్ళ నాలుగు నెలలు అన్నాను. ఆయనకు అది ముందే తెలుసు.


నవంబరు 9, బుధవారం
ఉవొజు

ఈ రోజు పనులు: చలికాలం కాళ్ళు వెచ్చబెట్టుకునే బల్ల, కొటట్సు, దాని దుప్పటి ఎండలో వేసి దులిపాను. ఎండిన ముల్లంగులు పద్నాలుగూ తవుడు, ఉప్పుతో పీపాలో ఊరబెట్టి పైన బరువుకు రాయి పెట్టాను. కిటికీ సందులకు బట్ట కూరాను. పాత పట్టీల పెట్టె దించి, అన్నీ వరసలో ఉన్నాయో లేదో చూశాను. లేవు.

హిరోనో గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం శుక్రవారం అందింది. కవరు మీద పేరు సరిగా ఉంది. సంతోషం. కవరు అంచు కొంచెం లేచి ఉంది. తపాలాలో లేచిందో ఇంట్లో లేచిందో చెప్పలేను.

మీరు రాసింది మూడుసార్లు చదివి, నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి. ఆడవాళ్ళ కణంలో ఎక్స్ అనే పోగులు రెండుంటాయి. రెండూ ఒకేసారి పనిచేయకుండా ఒకదాన్ని మూసిపెట్టే జన్యువు ఒకటి ఎప్పుడూ పనిలో ఉంటుంది. నా గర్భసంచి నుంచి చదివిన నలభై ఒక్క వేల కణాల్లో దాదాపు అన్నిట్లోనూ ఆ జన్యువు పనిచేస్తోంది. ముప్పై ఒక్క కణాల్లో మాత్రం అది పనిచేయడం లేదు. వాటిలో మగవాళ్ళకే ఉండే వై పోగు మీది జన్యువులు పనిచేస్తున్నాయి. అంటే నా గర్భసంచిలో ముప్పై ఒక్క మగ కణాలు.

ఆ రోజు బల్ల మీద మగవాళ్ళ డబ్బా ఏదీ లేదనీ, అంకెలు యంత్రమే ముద్రిస్తుందనీ రాశారు. డబ్బా విప్పినవాళ్ళలో మగవాళ్ళు ఎవరూ లేరా? వాళ్ళు చేతులకు తొడుగులు వేసుకున్నారా? నేను ఊరగాయ పీపా మూత తీసినప్పుడు కూడా తలకు గుడ్డ కట్టుకుంటాను. అడగటం తప్పనుకోవద్దు.

కారణం తేలకపోతే నా డబ్బాను ‘సందేహాస్పదం’ అని గుర్తు పెట్టి, డిసెంబరు 23 తరువాత పటంలోంచి తీసేస్తారని కూడా రాశారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. పాతికేళ్ళలో నా లెక్కల పుస్తకంలో ఏ నెలా తేడా రాలేదు. ఒకసారి తేడా వచ్చినట్టు కనిపిస్తే తెల్లారేదాకా కూర్చుని, అది చేపలవాడి కూడిక తప్పని తేల్చాను. నా పేరు పక్కన సందేహాస్పదం అన్న మాట నాకు వద్దు.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. మీకు సంబంధం లేదనవచ్చు, కాని మొదలైంది మీ ఫోనుతోనే. మా ఆయన పేరు కట్సురో, అల్యూమినియం కిటికీల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తారు. మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉంటే పక్కన పెట్టేయడం ఆయన ఉద్యోగం. నేను చేపల మార్కెట్‌కు వెళ్ళిన రోజుల్లో ఆయన నా పట్టీలు తీసి భూతద్దంతో చదువుతున్నారు. హెయ్సెయ్ పదమూడు, అంటే ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి మార్చి నెల పట్టీలో కాగితం ముక్క పెట్టి ఉంది. ఆ నెలలో తొమ్మిది రోజులు గీత లేదు. ఆ తొమ్మిది రోజులు ఎక్కడున్నావు అని అడిగారు. ఇంట్లోనే, మీకు అన్నం వండుతూ అన్నాను. మరి గీత ఏది అన్నారు. నేను అదే నెల లెక్కల పుస్తకం తీసి చూపించాను. పద్నాలుగో తారీఖున కొత్త థర్మామీటరు కొన్నట్టు ఉంది. పాతది ఐదో తారీఖున మన పిల్ల నేలకేసి కొట్టింది, మీరే ఆ పాదరసం ఊడ్చారు అని గుర్తు చేశాను. ఆయన పుట మూసి, పుస్తకం నువ్వే రాసుకున్నావు కదా అన్నారు.

హిరోనో గారూ, ఆ మాట తరువాత నేను చాలాసేపు గిన్నెలు తోమాను. తోమినవే తోమాను.

పాత్రలు తోముతుండగా ఒక సంగతి తట్టింది. పంతొమ్మిదో రోజు అని నా పట్టీని నిజం చేసింది మీ చదువు. మగ కణాలున్నాయన్నది కూడా అదే చదువు. మొదటిది కావాలని, రెండోది వద్దని నేను అనలేను. కాబట్టి ఆ ముప్పై ఒకటీ నాలో ఉన్నవే అని ఒప్పుకుంటాను. ఇప్పుడు మీరు ఒక పని చేయండి. అవి ఎవరివో చూడండి. పరాయివాడివా, నా రక్తమా? అది మీ చదువులో తేలుతుందా? ఖర్చు ఎవరు పెట్టాలో ముందుగా రాయండి.

ఇట్లు,
మిజుహాషి త్సుగియే

తా.క. మొన్నటి నుంచి మా ఆయన పరుపు మా అమ్మాయి గదిలో వేసుకుంటున్నారు. తన గురకకు నాకు నిద్ర చెడుతోందట. పాతికేళ్ళలో ఆయన గురక పెట్టింది లేదు.


డిసెంబరు 2, శుక్రవారం
ఉవొజు

ఈ రోజు పనులు: బురి చేపలు వచ్చే కాలమని చెప్పే ఉరుములు తెల్లవారుతూనే మొదలయ్యాయి, అందుకని ఉతికిన బట్టలు లోపలే ఆరేశాను. సగం చేప తెచ్చి, తల ముల్లంగితో ఉడికించాను, ముక్కలకు ఉప్పు పట్టించాను. మంచు పారలు రెండింటికీ మైనం రాశాను. అమ్మను చూసి వచ్చాను, పదిహేను నిమిషాలు.

హిరోనో గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఖర్చు మీదేనని రాసినందుకు కృతజ్ఞతలు. ఈసారి కవరు మా ఆయన ఎదుటే చించి, మొదట ఆయన చేతికే ఇచ్చాను.

ఆయన తనిఖీ అద్దాలు పెట్టుకుని చదివారు. కొడుకు కణమైతే పుస్తకంలో ప్రతి పుటలోనూ సగం తల్లిది ఉండి తీరాలనీ, ఈ ముప్పై ఒకటింటిలో నాది ఒక్క ముక్క కూడా లేని పుటలు చాలా ఉన్నాయనీ, అందుకని కొడుకు కాడనీ మీరు రాసినచోట ఆయన వేలు ఆగింది. పరాయివాడు కూడా కాడు, చాలా పుటలు అచ్చు నావే, అమ్మా నాన్నా ఇద్దరూ ఒకరే అయిన తోబుట్టువు అన్నచోట మళ్ళీ ఆగింది. మొత్తం మూడుసార్లు చదివి, మడత ఎలా ఉందో అలాగే మడిచి నాకిచ్చారు. ఆ రాత్రి పరుపు తిరిగి మా గదిలోకి వచ్చింది. గురక తగ్గిందా అని అడిగాను. తగ్గినట్టే ఉంది అన్నారు. మర్నాడు పొద్దున చెప్పకుండానే చేపల మార్కెట్ దాకా వచ్చి సంచి మోశారు. హెయ్సెయ్ పదమూడు మార్చి పట్టీలో కాగితం ముక్క ఇప్పుడు లేదు. నేను ఆ విషయం ఇంకా మరిచిపోలేదు, కాని అది మీకు సంబంధించింది కాదు.

మీకు సంబంధించింది ఇది. నాకు అన్నదమ్ములు లేరు. కుటుంబ నమోదు పత్రంలో మా నాన్న, మా అమ్మ, నేను, అంతే. కడుపుతో ఉన్నవాళ్ళకు సర్కారు ఇచ్చే తల్లీబిడ్డల పుస్తకం, నేను పుట్టినప్పటిది, అమ్మ దాచి ఉంచింది. అందులో మొదటి పుటలో ఎన్నో బిడ్డ అన్నచోట నీళ్ళు పడి సిరా చెదిరింది. ఇన్నాళ్ళూ అది నీళ్ళే అనుకున్నాను.

తల్లి కడుపులో ముందు పెరిగిన బిడ్డ కణాలు కొన్ని ఆమె ఒంట్లోనే ఉండిపోతాయనీ, తరువాత కడుపున పడ్డ బిడ్డలోకి దాటవచ్చనీ, లేదంటే నాతోపాటు కవలగా మొదలై నిలవని బిడ్డవి కావచ్చనీ మీరు రాశారు. మీ అమ్మగారిని అడగగలరా అని కూడా రాశారు. అడిగాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మ మిసావోకు డెబ్భై తొమ్మిది. చూపు మందగించింది, నోరు మందగించలేదు. ఈ జబ్బుల రోజుల్లో ఆశ్రమంలో మధ్యన పలచని ప్లాస్టిక్ తెర కట్టి, నర్సు బల్ల మీద కోడిగుడ్లు ఉడికేటప్పుడు పెట్టుకునే, సమయం కాగానే మోగే చిన్న గడియారం పెడుతుంది. నేను మీ ఉత్తరంలో సంగతి మెల్లగా చెప్పాను. అమ్మ అంతా విని, నీ కడుపులో ఏముందో తెలియక నన్నడుగుతున్నావేమే అంది. అది కాదమ్మా, నాకు ముందు గానీ నాతోపాటు గానీ ఇంకొకరు ఉండేవారా అన్నాను. నీ ఒక్కదాన్ని పెంచేసరికే నా నడుం విరిగింది అంది. అడిగినదానికి జవాబు చెప్పమ్మా అన్నాను. ఆస్పత్రివాళ్ళకి పనీపాటా లేక పాత సంచులు తవ్వుకుంటుంటే నువ్వు ఆ మట్టి తెచ్చి నా మీద పోస్తున్నావా అంది. పక్క తెర దగ్గర కూర్చున్న ముసలాయన నవ్వాడు. నీకెందుకయ్యా, నీ కొడుకు రాలేదని ఏడు అని ఆయన్ని తిట్టింది.

తరువాత ఉన్నట్టుండి, ఈ ఏడు ఎర్ర గుడ్డ కొన్నావా అని అడిగింది. మా పాత వీధి మలుపులో జిజో రాతి బొమ్మ ఒకటుంది. బతికినవాళ్ళనూ పోయినవాళ్ళనూ, పిల్లల్ని కాచే దేవుడు. ఆగస్టులో ఆయన పండుగకు అమ్మ ఏటా మెడగుడ్డ కుట్టి కట్టేది. బట్ట నేనే కొనిచ్చేదాన్ని. అమ్మ ఆశ్రమానికి వచ్చాక వీధి కమిటీవాళ్ళు చూసుకుంటున్నారని చెప్పాను. ఇప్పుడూ అదే చెప్పాను. అమ్మ తెరలోంచి నన్ను చాలాసేపు చూసింది. ఇంతలో గడియారం మోగింది.

హిరోనో గారూ, నాకు అనుమానంగా ఉంది. మా అమ్మ అబద్ధం ఆడేటప్పుడు తిడుతుంది. నిజం చెప్పేటప్పుడు మామూలుగా ఉంటుంది. ఈసారి మొదట తిట్టింది, చివర మామూలుగా ఉంది. ఏ మాట ఏ గడిలో రాయాలో నాకు తెలియడం లేదు.

మీరు చివర రాసిన ముక్క నా మనసులోంచి పోవడం లేదు. ఆ ముప్పై ఒక్క కణాలూ ఒక మూల ఊరికే పడి లేవనీ, గర్భసంచి లోపలి పొరను మోసే కణాల మధ్య వాటిలాగే మారి ఉన్నాయనీ, పక్కవాటిలో ఏ పుటలు తెరిచి ఉన్నాయో వీటిలోనూ అవే తెరిచి ఉన్నాయనీ రాశారు. అంటే అవి కూడా పంతొమ్మిదో రోజు పనే చేస్తున్నాయి. నా నెల లెక్క వాటికెవరు చెప్పారు?

ఇట్లు,
మిజుహాషి త్సుగియే

తా.క. వీధి కమిటీవాళ్ళు మెడగుడ్డ సంగతి చూసుకుంటున్నారని నేను అమ్మకు చెప్పింది నిజం కాదు. అనవసరమైన పని అనిపించి నేనే ఆపేశాను. మీకు రాసేది అంతా నిజమై ఉండాలి కనుక ఇదీ రాస్తున్నాను.


డిసెంబరు 21, బుధవారం
ఉవొజు

ఈ రోజు పనులు: ఇంటి ముందు మంచు రెండుసార్లు తీశాం, ఒకసారి నేను, ఒకసారి మా ఆయన. రేపు ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు రాత్రి, ఆ రాత్రి స్నానపు నీళ్ళలో వేయడానికి యుజు నిమ్మకాయలు ఐదు, గుమ్మడికాయ ఒకటి తెచ్చాను. ఎర్ర బట్ట మూడు ముక్కలు కత్తిరించి, అంచులు మడిచి, మెడకు కట్టే నాడాలు కుట్టాను. అమ్మ వంతు నిన్న అయిపోయింది. అయినా నర్సును అడిగి ఈ రోజు మళ్ళీ వెళ్ళాను. పాత వీధికి వెళ్ళి వచ్చాను.

హిరోనో గారికి,

నమస్కారాలు. ఏడాది చివర మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా 23వ తారీఖు దాటకూడదని ఈ ఉత్తరం మా ఆయన చేతికిచ్చి, పెద్ద తపాలాఫీసులో త్వరిత తపాలాగా పంపిస్తున్నాను.

మీరు పంపిన పత్రం పూర్తి చేసి జతపరిచాను. కణాల మూలం అన్నచోట ‘అన్న’ అని రాశాను. పేరు అన్నచోట గీత పెట్టాను. పుట్టిన సంవత్సరం అన్నచోట షోవా నలభై నాలుగు, అంటే నాకు రెండేళ్ళ ముందు, అని రాశాను. రుజువు అన్నచోట ‘తల్లి స్వయంగా చెప్పినది’ అని రాసి నా పేరు ముద్ర వేశాను. అమ్మ ముద్ర కూడా వేయించాను. తెర కింద సందులోంచి కాగితం అటు తోస్తే, నర్సు చూడనట్టు అటు తిరిగింది. ఈ రుజువు చాలకపోతే అమ్మ బుగ్గ లోపల దూదితో తుడిచి పంపమని రాయండి. తను సిద్ధంగా ఉంది. నోరు తెరవడం నాకేం కష్టం అంటోంది.

సందేహాస్పదం అన్న మాట తీసేయండి. నా నలభై ఒక్క వేల కణాలనూ, ఆ ముప్పై ఒకటినీ, వేటినీ వదలకుండా పటంలో పెట్టండి. వాటిని కలిపేయవద్దు, విడదీసి పారేయవద్దు. వాటికి వేరే రంగు వేస్తారని రాశారు. ఏ రంగైనా నాకు అభ్యంతరం లేదు, ఎరుపు దొరికితే ఎరుపు వేయండి.

మొదటి రెండు ఉత్తరాల్లో మీ డబ్బాలనూ మీ చేతులనూ అనుమానించాను. ఉప్పు చేప ఒకటి వేరే పొట్లంగా పంపుతున్నాను. గాలి తగిలేచోట వేలాడదీయండి, వసంతం దాకా ఉంటుంది.

ఇట్లు,
మిజుహాషి త్సుగియే

తా.క. పత్రంలో రాయడానికి చోటు చాలని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

పోయిన ఆదివారం పాత లెక్కల పుస్తకాలన్నీ తీసి, అమ్మ అడిగిన ఎర్ర గుడ్డ ఎక్కడెక్కడ ఉందో చూశాను. ఇరవై మూడేళ్ళు, ప్రతి ఆగస్టులో, ‘ఇతరాలు’ అన్న గడిలో ముప్పై సెంటీమీటర్ల ఎర్ర బట్ట. ఒక్క ఏడూ తప్పలేదు. వీధి దేవుడి కోసమైతే ఏదో ఒక ఏడు ఇంకెవరిదో వంతు వచ్చి ఉండాలి. ఎప్పుడూ రాలేదు. అన్నేళ్ళు నా చేత్తో రాసుకుని నేనే చదవలేదు.

నిన్న వెళ్ళినప్పుడు ఏమీ అడగలేదు. మీ కవరు తెరకు ఆనించి, నాతో ఉత్తరాలు నడుపుతున్న అమ్మాయి ఈవిడే అని మాత్రం చూపించాను. అమ్మ కళ్ళు చికిలించి నా పేరు మీద వేలు పెట్టి, ఎవరో గానీ ఈ పిల్ల సరిగ్గా రాసిందే అంది. గుమస్తా తప్పును ఈవిడా కొనసాగిస్తోందమ్మా అన్నాను. ఏ గుమస్తా అంది. తిట్టలేదు, మామూలుగా అంది.

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. రాసింది నేనే అంది. మీ నాన్న రాత్రి కూర్చుని వారసత్వం అని రాసి పెట్టాడు. పన్నెండు రోజుల బాలింతని, మోకాళ్ళ దాకా మంచు, నిన్ను పక్కింటావిడ ఒళ్ళో పెట్టి నేనే ఆఫీసుకి వెళ్ళా. అక్కడ బల్ల మీద ఆ అక్షరం కొట్టేసి తరువాత అని రాశా. గుమస్తా పాపం, మొదటి పిల్లకి ఇదేం పేరమ్మా అని రెండుసార్లు అడిగాడు. మీ నాన్నకి తెలిసి, గుమస్తా తప్పు అని ఊరంతా చెప్పుకున్నాడు, ఆయన పద్ధతి ఆయనది. నీకు రెండేళ్ళ ముందు వాడు ఎనిమిదో నెలలో పుట్టాడే. ఏడవలేదు. మీ నాయనమ్మ తువ్వాల్లో చుట్టి తీసుకుపోయింది, ఆ మాట మళ్ళీ ఈ ఇంట్లో ఎత్తొద్దంది. ఏ కాగితంలోనూ ఎక్కించలేదు. ముందు ఒకడున్నాడని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదే. ఇంకెక్కడా చోటివ్వలేదు, నీ పేరులో రాసుకున్నా.

తరువాత, కమిటీవాళ్ళు మెడగుడ్డ కట్టడం లేదమ్మా, నేనే మానేశాను, మూడేళ్ళయింది అని చెప్పాను. తెలుసులే, కమిటీవాళ్ళకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు అంది.

గడియారంలో రెండు నిమిషాలే ఉన్నాయి. అమ్మ తెర దగ్గరికి జరిగి, ఇంతకీ వాడు నీలో ఏం చేస్తున్నాడట అని అడిగింది. మీరు రాసింది చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏ రోజు ఏ పని చేస్తే తనూ అదే చేస్తున్నాడట, ఆపరేషన్ నాడు పంతొమ్మిదో రోజు పనిలో ఉన్నాడట అన్నాను. అమ్మ తలూపింది. పనిమంతుడన్నమాట అంది. గడియారం మోగింది. ఎప్పుడూ నర్సు మీద విసుక్కునే మనిషి నిన్న విసుక్కోలేదు.

ఈ రోజు మా ఆయన సగం పూట సెలవు పెట్టి పార తీసుకుని వచ్చారు. జిజో బొమ్మ మెడ దాకా మంచులో ఉంది. ఆయన చుట్టూ తవ్వి తీశారు, తనిఖీ మనిషి కనుక వేళ్ళతో అంచులు కూడా శుభ్రం చేశారు. మూడు మెడగుడ్డలూ ఒకదాని మీద ఒకటి కట్టాను.

లెక్కల పుస్తకంలో ఈ రోజు పుటలో, ‘ఇతరాలు’ గడి కొట్టేసి ‘అన్నయ్య’ అని రాసి, దాని కింద ఎక్కించింది ఇది: బాకీ మెడగుడ్డలు మూడు. ఇచ్చినవి మూడు. చెల్లు.